ముందే ఉన్న గీత

సూరత్ చివర సముద్రం పక్కనున్న డుమస్‌లో టమాటా భజియా తినాలంటే ఇప్పుడు మా కంపెనీ వేయించిన సైకిలు దారి మీద కూర్చునే తినాలి. ఆకుపచ్చ రంగు పూసిన ఆ దారి పొడుగునా ప్లాస్టిక్ కుర్చీలు, కుర్చీలు పట్టని చోట స్కూటర్లు. ఆరోగ్యం వైపు తొక్కుకుంటూ పోదాం రమ్మని గుజరాతీలో పిలిచే మా బోర్డుకి భజియా దుకాణంవాడు చిల్లుల గరిటె తగిలించుకున్నాడు. మొన్న ఆదివారం సాయంత్రం నేనూ మావారూ అక్కడ కూర్చుని ఉండగా నా ఫోన్‌లో ఆఫీసు గ్రూపు మోగింది. మా ఆఫీసులో పనిచేసి రిటైరైన ఆయన పోయారట. గుంటూరులో, మధ్యాహ్నం భోంచేసి పడుకుని మళ్ళీ లేవలేదట.

ముందుగా మా మేనేజరు గారు చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. వెనకే గ్రూపంతా దణ్ణాలు పెట్టింది. ఒకళ్ళిద్దరు తొందరలో అంతకు పైనున్న ఎవరిదో పుట్టినరోజు శుభాకాంక్షల కింద పెట్టేశారు. నేనేమో చేతిలో ప్లేటుతో, ఆయన ఇక్కడ వద్దని మొత్తుకున్న దారి మీద కూర్చుని, ఆయన్ని డాక్టరు తినొద్దన్న భజియా తింటూ ఆ కబురు చదివాను. ఆయనే చూస్తే ఈ ఏర్పాటుకి ముచ్చటపడేవారు. నేను మాత్రం ప్లేటు పక్కన పెట్టేశాను. మావారు మంచినీళ్ళ కోసం లేచారు.

ఆయన పేరు రాయను. రాస్తే, పోయిన మనిషి మీద కూడా మా కంపెనీ ఏదన్నా విచారణ వేస్తుందేమోనని నా భయం. ఉద్యోగం చివర్లో ఆయన చేసిన పని అలాంటిది. వేసినా ఆశ్చర్యం లేదు, మా పైవాళ్ళకి తీరిక ఎక్కువ.

మాది ఆరోగ్య బీమా కంపెనీ. సూరత్ రింగు రోడ్డు మీద, చీరల మార్కెట్ల మధ్య, నాలుగో అంతస్తులో ఆఫీసు. మావారి ఉద్యోగం సూరత్ పక్కనే హజీరాలో కావడంతో నేను విశాఖపట్నం నుంచి బదిలీ చేయించుకుని వచ్చి, పేరు రాయనన్న ఈయన ఎదురు బల్ల దగ్గర పడ్డాను. ఆఫీసు మొత్తానికి తెలుగువాళ్ళం మేమిద్దరమే. ఆయన క్లెయిముల ఆఫీసరు. జనం ఆస్పత్రి కాగితాలు తెస్తే చూసి, ఇస్తామనో ఇవ్వమనో చెప్పాలి. ఆయన ఆ రెండిట్లో ఏదీ అంత తొందరగా చెప్పేవారు కాదు. కొర్రీ వేసేవారు. డాక్టరు సంతకం ఉంటే ముద్ర ఏదనేవారు, ముద్ర ఉంటే తేదీ ఏదనేవారు. అన్నీ ఉన్న కాగితం వస్తే అనుమానంగా రెండోసారి చూసేవారు.

మనిషిని చూడడంలో ఆయనకో పద్ధతి ఉండేది. కళ్ళజోడు తీసి, కళ్ళు నులుముకుని, మళ్ళీ పెట్టుకుని, ముందు పొట్ట చూసేవారు. తరవాత మెడ. ఆ తరవాత చీలమండలు. ఇంకా ఓపిక ఉంటే ముఖం. ఒకసారి మా ఆఫీసు గుమాస్తా పెళ్ళికి వెళ్ళి, అక్షింతలు వేసి, పెళ్ళికొడుకు మెడని తీరిగ్గా పరిశీలించి, నా వైపు వంగి, ఇతనికి ముందుముందు గురక వస్తుందమ్మాయ్ అని చెప్పారు. మా ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు మావారి పొట్ట వైపు చూసి, హజీరాలో క్యాంటీను బాగుంటుందా అని అడిగారు. ఆ పూట మావారు అన్నం తినకుండా చపాతీతో సరిపెట్టుకున్నారు.

"ముందే ఉన్నది" అన్నది ఆయన ఊతపదం. పాలసీ తీసుకోకముందే ఒంట్లో ఉన్న జబ్బుకి కంపెనీ వెంటనే డబ్బివ్వదు. మా వ్యాపారం చాలావరకు ఆ ఒక్క మాట మీద నడుస్తుంది. ఆయన దాన్ని ఆఫీసు బయటికి కూడా తీసుకొచ్చేశారు. పైకప్పు కారితే, ముందే ఉన్నది. మేనేజరుకి కోపమొస్తే, ముందే ఉన్నది. ఇంట్లో పోట్లాడుకుని వచ్చానని నా ముఖం చూసి పసిగట్టి, ఇవాళ్టిదా, ముందే ఉన్నదా అని అడిగేవారు. ముందే ఉన్నదంటే ఇంక ఏమీ అడగకుండా ఫైలు తెరుచుకునేవారు.

తిండి దగ్గర ఆయన నిగ్రహం చూడాల్సిందే. షుగరు ఉంది కాబట్టి, టీలో చక్కెర వేస్తే కప్పు వెనక్కి పంపేవారు. అంత నిగ్రహం చూపించినందుకు తనకు తానే బహుమతిగా నాలుగంతస్తులూ దిగి వెళ్ళి ఒక ప్లేటు లోచో చెప్పేవారు. శనగపిండి ఆవిరి మీద ఉడికించి, వెన్న పోసి ఇచ్చే మెత్తటి ఫలహారం అది. వెన్న ఇంకాస్త వేయమని దుకాణంవాడికి మాటల్లో చెప్పకుండా సైగ చేసేవారు. ఒక ముక్క నోట్లో వేసుకుని, చెయ్యి తుడుచుకుని, ఎడమచేతి నాడి పట్టుకుని కాసేపు చూసుకునేవారు. తేడా ఏమీ లేదనిపిస్తే ఇంకో ముక్క. తేడా వస్తే ఆపేస్తానని నాకు మాటిచ్చారు. ఎప్పుడూ రాలేదు.

ఇలాంటి మనిషి ముందుకు ఒకరోజు చేతికి కట్టుతో ఒకతను వచ్చి కూర్చున్నాడు. పేరు రాజేశం. సిరిసిల్ల వైపు నుంచి వచ్చి లింబాయత్‌లో ఉంటున్నాడు, పర్వత్ పాటియా అవతల ఒక షెడ్డులో మరమగ్గాలు నడుపుతాడు. మగ్గాల మోతలో బతికేవాళ్ళందరిలాగే గట్టిగా మాట్లాడతాడు. ఆఫీసంతా తలెత్తి చూసింది.

"ఇన్సూరెన్స్ దఫ్తర్ గిదే గదా సార్? దవాఖాన కాయితాలు తెచ్చిన."

తెలుగు వినగానే ఆయన సంతోషపడి కాగితాలన్నీ అందుకుని ఒక్కొక్కటే చదివారు. సైకిలు మీద పనికి పోతుంటే, చీరల మూటలతో పోతున్న టెంపో కొక్కెం సైకిలు హ్యాండిలుకి తగులుకుని ఈడ్చేసింది. మోచెయ్యి విరిగింది. ఆయన అలవాటు కొద్దీ, ఎక్స్‌రే ఉంది గానీ దాని రిపోర్టు లేదు, తెచ్చి జతచెయ్యమన్నారు. రాజేశం బుద్ధిగా సరేనన్నాడు. అంతా అయ్యాక ఆయన కలం తీసి పాలసీ నంబరు చెప్పమన్నారు.

"గదేంది సార్?" అన్నాడు రాజేశం.

అతనికి పాలసీ అన్నదే లేదు. బీమా ఆఫీసంటే దెబ్బ తగిలినవాళ్ళకి డబ్బులిచ్చే చోటని ఎవరో చెబితే వచ్చాడు. వినడానికి అందులో తప్పేమీ లేదు కూడా. ఆఫీసులో కొందరు బల్లల కింద ఏదో వెతుక్కుంటున్నట్టు వంగి నవ్వుకున్నారు. ఆయన నవ్వలేదు. కళ్ళజోడు తీసి చాలాసేపు కళ్ళు నులుముకున్నారు. పెట్టుకుని రాజేశం పొట్ట చూశారు, అది లేదు. మెడ చూశారు, చీలమండలు చూశారు. రోజూ సైకిలు మీదే పోతావా అని అడిగారు. ఆటోకి పెడితే ఇంట్లోకి ఏం పెట్టాలి సార్ అన్నాడు రాజేశం. ఆయన కిందకి తీసుకెళ్ళి లోచో పెట్టించి పంపారు. తను తినలేదు, నాకు అది బాగా గుర్తు.

ఆ వారంలోనే నన్ను తోడు తీసుకుని లింబాయత్ వెళ్ళారు. షేర్ ఆటోలో ఇరుక్కుని వెళ్ళాం. మగ్గాల షిఫ్టు మారే వేళ. ఇరుకు రోడ్డులో సైకిళ్ళు, టెంపోలు, ఆటోలు, తోపుడు బండ్లు ఒకదాని ఒంటి మీద ఒకటి. రాజేశం వాళ్ళది ఒకటే గది. అతని భార్య పద్మ నేల మీద చీర పరుచుకుని అంచుకి మెరుపు రాళ్ళు అంటిస్తోంది. పెనిమిటి పనికి బయల్దేరిన దగ్గర్నుంచి తిరిగొచ్చేదాకా తన చెవులు రోడ్డు మీదే ఉంటాయనీ, ఎక్కడ బ్రేకు కీచుమన్నా రాళ్ళు వంకరగా అంటుకుంటాయనీ చెప్పింది. టీ ఇచ్చింది. ఆయన మాట్లాడే ఉత్సాహంలో చక్కెర టీ అని చూసుకోకుండా తాగేశారు.

ఆయన చెప్పిందేమిటంటే, మా కంపెనీ గుండె ఆపరేషన్లకీ షుగరు వైద్యాలకీ పోసే దాంట్లో పిసరంత తీసి ఈ రోడ్డు పక్కన సైకిళ్ళకి దారి వేయించవచ్చు. రోగం మా బల్ల మీదకి వచ్చేసరికే ముసలిదైపోయి ఉంటుంది, పసిదిగా ఉన్నప్పుడే పట్టుకోవాలి. పై దేశాల్లో బీమా కంపెనీలు రోడ్లకి డబ్బు పెడుతున్నాయని ఆయన ఎక్కడో చదివారు. పద్మ చేతిలో రాయి పట్టుకుని అంతా విని ఒకటే అడిగింది.

"అయితె రోడ్డు ఎప్పుడొస్తది సార్?"

"వస్తుందమ్మా. నేను వేయిస్తాను" అన్నారాయన.

క్లెయిముల ఆఫీసరు నోట అంత సూటి మాట నేను అంతకు ముందు వినలేదు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఆయన నాడి పట్టుకుని కూర్చున్నారు. చక్కెర గురించి కాదేమో అనిపించింది.

మా మేనేజరు గారు ఆ ప్రతిపాదన విని, వాళ్ళు మనవాళ్ళా అని అడిగారు. మనవాళ్ళంటే పాలసీ ఉన్నవాళ్ళని అర్థం. లేనివాళ్ళ ఆరోగ్యం బాగుపడితే మనకేం వస్తుందని ఆయన సందేహం. సరే, వాళ్ళని మనవాళ్ళని చేస్తానన్నారు ఈయన. ఆదివారాలు లింబాయత్‌లో మగ్గాలవాళ్ళ సంఘం హాలుకి వెళ్ళి కూర్చునేవారు. జబ్బు పడకపోతే కట్టింది వెనక్కి వస్తదా అని వాళ్ళు అడిగేవారు. రాదని చెప్పేవారు. అయితే జబ్బు పడకపోవడం నష్టమే గదా అనేవారు వాళ్ళు. ఆయన మళ్ళీ మొదటి నుంచి చెప్పుకొచ్చేవారు. ఆ రోడ్డు మీద ఒకసారన్నా పడని ఇల్లు ఆ సందుల్లో లేదు గనక, చివరికి రోడ్డు మీద ఆశతో అందరూ కలిసి ఒక గుంపు పాలసీ తీసుకున్నారు. పద్మ ఇంటింటికీ తిరిగి ఒప్పించింది. ఆయన కనిపించినప్పుడల్లా మాత్రం అదే ప్రశ్న అడిగేది. ఆయన అదే జవాబు చెప్పేవారు.

పాలసీకి ముందు వైద్య పరీక్షలు ఉంటాయి. సంఘం హాల్లోనే శిబిరం పెట్టించారు. రక్తపోటు చూసే నర్సు, వచ్చిన వాళ్ళందరికీ వరసగా సరిగ్గానే వస్తుంటే యంత్రం పాడైందని అనుమానపడింది. సరిచూసుకోవడానికి పక్కనే ఉన్న మా మేనేజరు గారి చేతికి కట్టి చూసింది. యంత్రం బాగానే ఉంది. మేనేజరు గారిని మాత్రం కాసేపు కదలకుండా కూర్చోమంది.

వాళ్ళకి రోగాలు లేవని కాదు. సగం మందికి చెవులు సరిగా వినపడవు. దారం నలుసులు పీల్చీ పీల్చీ దగ్గు. కానీ చెవుడు వచ్చిందని ఎవరూ ఆస్పత్రిలో పడుకోరు, దగ్గు వచ్చిందని పడుకుంటే వీళ్ళకి పని పోతుంది. మా కంపెనీ భయపడేది గుండెకీ షుగరుకీ. సైకిళ్ళు తొక్కే ఆ జనంలో ఆ రెండూ దాదాపు ఎవరికీ లేవు. ఆయన ఆ ఫలితాలు చూసి పొంగిపోయారు. సైకిలు తొక్కితే క్లెయిములు రావని ఇంతకంటే ఋజువేం కావాలన్నారు. లోచో కూడా మరిచిపోయి నివేదిక రాశారు. నేను చదివాను, చాలా బాగా రాశారు.

ఆయన చేసిన తప్పు అక్కడే ఉంది. బీమా మనిషి తప్ప ఇంకెవరూ చేయలేని తప్పు. ముప్పు ఎంత తక్కువో చూపించి పైవాళ్ళని సంతోషపెట్టడం ఆయనకి ఉద్యోగమంతా అలవాటు. ఇప్పుడూ అదే చేశారు, పైవాళ్ళు సంతోషించారు కూడా. మెచ్చుకుంటూ జవాబు రాశారు. లింబాయత్ వాళ్ళు ఇప్పటికే సైకిళ్ళు తొక్కుతున్నారు, ఆరోగ్యంగా ఉన్నారు, కాబట్టి అక్కడ దారి వేస్తే కొత్తగా తగ్గే క్లెయిములు ఏమీ లేవు. క్లెయిములు వచ్చేది డుమస్ రోడ్డు వైపు అపార్టుమెంట్ల నుంచి, అక్కడివాళ్ళు తొక్కరు, కాబట్టి దారి అక్కడ వేయాలి. టెంపోలు తగిలి విరిగే చేతుల సంగతేమిటని ఈయన ఫోన్ చేసి అడిగారు. గుండె ఆపరేషన్‌తో పోలిస్తే విరిగిన చెయ్యి చవకని అటునుంచి మర్యాదగానే చెప్పారు. ఆయన ఆ జవాబు పదేపదే చదివి, కొర్రీ వేయడానికి ఎక్కడా సందు దొరక్క కాగితం బల్ల మీద పెట్టేశారు.

"మనమే ఋజువు చేసి వాళ్ళ చేతిలో పెట్టామమ్మాయ్" అన్నారు.

పద్మకి చెప్పడానికి నన్నూ రమ్మన్నారు. ఒక్కడే వెళ్ళడానికి ధైర్యం చాలలేదని ఆయనే అన్నారు. అక్కడ ఆరోగ్యం, ముప్పు, క్లెయిము అంటూ చాలాసేపు తిప్పి తిప్పి చెప్పారు. పద్మ చీర పక్కన పెట్టి శ్రద్ధగా విన్నది.

"అంటే మేం జర బీమారు పడితె రోడ్డేస్తరా సార్?"

వెటకారానికి అడగలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. నాకు ఆ గదిలోంచి లేచి పారిపోవాలనిపించింది.

డుమస్ రోడ్డు మీద దారి తొందరగానే అయిపోయింది. ప్రారంభోత్సవానికి వచ్చినవాళ్ళకి తెల్ల టీషర్టులు, మా ఆఫీసువాళ్ళకి రోడ్డు పనివాళ్ళు వేసుకునేలాంటి మెరిసే చొక్కాలు పంచారు. సైకిలు క్లబ్బువాళ్ళు వచ్చారు. వాళ్ళ సైకిళ్ళు కార్ల నెత్తిన ఎక్కి వచ్చాయి. దారి ఆలోచనంతా ఈయనదే గనక మొదట ఈయన్ని తొక్కమని మేనేజరు గారు కొత్త సైకిలొకటి ముందుకు తోశారు. అప్పుడు తెలిసింది నాకు, ఆయనకి సైకిలు రాదు. చిన్నప్పుడు నేర్పేవాళ్ళు లేక ఆ వయసు దాటిపోయిందట. మెరిసే చొక్కా మీద కంపెనీ పేరుతో, సైకిలుని పక్కన నడిపించుకుంటూ ఫొటోల చివరిదాకా నడిచారు. ఎంత నిరాడంబరుడో చూడండని మైకులో చెప్పారు. జనం చప్పట్లు కొట్టారు.

ఆయన పిలిస్తే రాజేశం కూడా వచ్చాడు, లింబాయత్ నుంచి ఊరంతా దాటుకుని. ఆ రోజు వచ్చినవాళ్ళలో సైకిలు తొక్కుకుంటూ వచ్చింది అతనొక్కడే. సభ పెట్టిన ఆవరణలో కార్లు నిండిపోయాయి, సైకిలు పెట్టడానికి చోటు లేదని గేటు దగ్గర ఆపేశారు. ఆయన వెళ్ళి తీసుకొచ్చారు. రాజేశం కొత్త దారి మీద అటు చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చాడు.

"మంచిగుంది సార్. నున్నగుంది. గని నాకు గిటు పని లేదు."

ఆ తరవాత ఆయన లింబాయత్ వెళ్ళడం మానలేదు. పాలసీ పనులు ఉండేవి. ఒకరోజు వచ్చి బల్ల దగ్గర కూర్చుని, చక్కెర వేసిన టీని వెనక్కి పంపకుండా ముందు పెట్టుకుని, పద్మ అడగడం మానేసిందని చెప్పారు. ఆ మధ్య ఎన్నిసార్లు కనిపించినా రోడ్డు మాట ఎత్తలేదట. టీ ఇచ్చిందట, పిల్లల సంగతులు చెప్పిందట, అంతేనట. కొర్రీ ఉన్నన్నాళ్ళూ ఫైలు బతికే ఉంటుంది, అడగడం మానేస్తే మూసేసినట్టేనమ్మాయ్ అన్నారు. తెరిచిన ఫైలుని చదవకుండానే మూసేశారు. పదవీ విరమణ దగ్గర పడుతోంది, ఇక్కడ మూటాముల్లె సర్దుకోవాలి, అందుకని అలా ఉన్నారనుకున్నాను.

డుమస్ పనిలో మిగిలిన ఆకుపచ్చ రంగు డబ్బాలు కంట్రాక్టరు మా మెట్ల కింద పడేసి పోయాడు. మగ్గాలకి సెలవు ఉన్న రోజు చూసుకుని, తెల్లవారగానే ఆయన ఆ డబ్బాలు ఆటోలో వేయించుకుని నాకు ఫోన్ చేశారు. ప్రారంభోత్సవంలో ఇచ్చిన మెరిసే చొక్కా వేసుకుని లింబాయత్ రమ్మన్నారు. ఇదేం పని సార్, ఉద్యోగాలు పోతాయి అన్నాను. ఒక్కడే వేస్తే తప్పంటారు, ఇద్దరు ఆఫీసర్లు నిలబడితే తనిఖీ అంటారు అన్నారు. కంపెనీ డబ్బుతో కొన్న రంగు సైకిలు దారికే వాడుతున్నాం కదా, ఎక్కడ అని ఏ కాగితంలోనూ లేదని కూడా చెప్పారు. నేను వెళ్ళాను. మావారికి యోగా క్లాసని చెప్పాను.

పద్మ వాళ్ళ సందు మొదలు నుంచి పెద్ద రోడ్డు మలుపు దాకా, ఒక అంచున, ఒక సైకిలు పట్టేంత వెడల్పు. రాజేశం, అతని తోటివాళ్ళు మగ్గాల షెడ్డు నుంచి దారం కండె తెచ్చి సుద్ద పట్టించి తిన్నగా లాగి పట్టుకున్నారు. వాళ్ళు లాగిన దారం వెంట ఆయన వంగి గుర్తులు పెట్టారు. వెనకాల మేం రంగు పూసుకుంటూ వచ్చాం. మధ్యలో ఒక కానిస్టేబులు బండి ఆపి ఏ విభాగమని అడిగాడు. ఆయన మెరిసే చొక్కా సర్దుకుని హిందీలో ఆరోగ్య విభాగమని చెప్పారు. అబద్ధం కాదు. కానిస్టేబులు తలాడించి, అడ్డంగా ఉన్న టెంపోని తనే తీయించి వెళ్ళిపోయాడు.

సగం దూరం వచ్చాక రోడ్డు అంచున ఒక తోపుడు బండి అడ్డం వచ్చింది. దాని మీద తెల్లగుడ్డ ముసుగుపెట్టుకుని ఎవరో నిద్రపోతున్నారు. రాజేశం లేపబోతే ఆయన చెయ్యి పట్టుకుని ఆపారు.

"రాత్రి షిఫ్టు చేసి పడుకున్నాడయ్యా. లేపకు. పక్కనుంచి పోదాం."

దారం పట్టుకున్నవాళ్ళు పక్కకి జరిగారు. తిన్నగా వస్తున్న గీత అక్కడ రోడ్డు మధ్యకి తిరిగి, బండిని చుట్టి, మళ్ళీ అంచుకి చేరింది. ఆయన ఆ వంపు దగ్గర చాలా ఓపిగ్గా రంగు వేశారు. పని అయ్యాక ఆకుపచ్చ చేతులతో పద్మ ఇచ్చిన టీ తాగారు. పద్మ గుమ్మంలో నిలబడి ఆ గీత వైపు చూస్తూ, వానొస్తే పోతది గదా సార్ అంది. ఆయన ముఖం వెలిగిపోయింది. మళ్ళీ అడిగింది కదా, అదీ సంతోషం.

పోయిన రంగు సంగతి తరవాత చూద్దాంలేమ్మా, ఒకసారి ఉంటే అది ముందే ఉన్నది అయిపోతుంది అన్నారు. ఊతపదం ఎక్కడ పడితే అక్కడ వాడతారు కదా అని నేను పట్టించుకోలేదు.

నెలాఖరుకి ఆయన రిటైరై గుంటూరు వెళ్ళిపోయారు. పద్మ రాళ్ళు అంటించే పనిని లోపలి నుంచి గడప మీదకి మార్చుకుంది. ఎవరన్నా గీత మీద బండి నిలబెడితే అక్కణ్ణుంచే కేకేసి తీయించేది. ఎవరు వేశారో, ఎందుకు వేశారో తెలియని టెంపోలవాళ్ళు కూడా ఆకుపచ్చ రంగంటే ఏదో రూలు ఉండి ఉంటుందని దూరం జరిగేవాళ్ళు. ఆయన అప్పుడప్పుడు ఫోన్ చేసి మావారి పొట్ట గురించి అడిగి, ఆ తరవాత రంగు గురించి అడిగేవారు. వెలిసిపోతోందని చెప్పేదాన్ని. వానలకి పూర్తిగా పోయిందని చెప్పాల్సి వస్తుందేమోనని ఈ మధ్య నేనే ఫోన్ చేయడం తగ్గించాను.

ఆయన పోయిన సంగతి పద్మకి ఫోన్లో చెప్పబుద్ధి కాలేదు. మర్నాడు ఆఫీసు నుంచి తొందరగా బయటపడి లింబాయత్ వెళ్ళాను. సందు మొదట్లో ఆటో దిగి నిలబడిపోయాను. గీత కొత్తగా మెరిసిపోతోంది. మా రంగు కంటే చిక్కటి రంగు, అంచులకి తెల్ల చారలు, మధ్యమధ్య తెల్లటి సైకిలు బొమ్మలు. పద్మ గడప మీదే ఉంది. కబురు చెప్పాను. చీర మడిచి ఒళ్ళో పెట్టుకుని గీత వైపు తిరిగి కూర్చుంది. రాజేశం రాత్రి షిఫ్టుకి తయారవుతూ బయటికి వచ్చి, విని, ఆమె పక్కనే కూర్చున్నాడు.

గీత సంగతి అతనే చెప్పాడు. వానలు వెనకబట్టినంక రోడ్లకి చారలేసే కంట్రాక్టరు మనుషులు బండితో వచ్చి దీనికీ రంగేసి పోయారట. మీకెవరు చెప్పారని అడిగితే ఎవరూ చెప్పలేదన్నారట.

"పాత గీతలుంటె వాటి మీద కొత్త రంగేసుడే మా పని అన్నరు మేడం. కొత్తయి మేం ఎయ్యం అన్నరు."

నాకు నవ్వొచ్చింది, వెనకే ఏడుపొచ్చింది. మా ఆఫీసులో ముందే ఉన్నదానికి డబ్బివ్వరు. ఈ కంట్రాక్టరువాళ్ళు ముందే ఉన్నదానికి తప్ప రంగు వేయరు. ఆయన ఉద్యోగమంతా మొదటిదాన్ని పట్టుకుని ఫైళ్ళు ఆపి, పోయేముందు రెండోదాన్ని పట్టుకుని ఇచ్చిన మాట నిలబెట్టుకున్నారు. ఈ సంగతి ఆయనకి ఫోన్ చేసి చెప్పి ఉంటే గుంటూరులో ఎవరికో లోచో ఎలా చేయాలో నేర్పించి మరీ తినేవారు. చెప్పలేకపోయినందుకు నాకు చాలా బాధగా ఉంది.

షిఫ్టు వేళైంది. సందుల్లోంచి సైకిళ్ళు ఒకటొకటే వచ్చి ఆకుపచ్చ గీత ఎక్కుతున్నాయి. సగం దూరంలో గీత రోడ్డు మధ్యకి తిరిగి మళ్ళీ అంచుకి చేరుతోంది. కంట్రాక్టరు మనుషులు ఆ వంపుని కూడా ఒక్క పిసరు తగ్గించకుండా వేసి పోయారు. ఆ తోపుడు బండి అక్కడ లేదు. అక్కడ ఏమీ లేదు, ఖాళీ రోడ్డు. రాజేశం కళ్ళు తుడుచుకుని సైకిలెక్కాడు. ఆ ఖాళీ దగ్గరికి రాగానే అందరిలాగే హ్యాండిలు పక్కకి తిప్పి, ఎవరినీ లేపకుండా దాటుకుని వెళ్ళిపోయాడు.